అత్త నన్ను దగ్గరికి రానివ్వని వాన

నా చిన్నప్పుడు నేను పెద్ద అబద్ధాలకోరునేమీ కాదు. లెక్కలు చేయకుండానే చేశాననడం, పంచదార డబ్బాలో వేలు పెట్టి పెట్టలేదనడం, అంతవరకే. అవన్నీ ఎప్పుడో మర్చిపోయాను. ఇన్నేళ్లయినా నన్ను గుచ్చుతున్న మాట ఒక్కటే ఉంది. నిజానికి అది అబద్ధం కూడా కాదు, సగం నిజం. మిగతా సగం నోట్లోనే మింగేశాను.

మా నాన్న పాల్వంచలో పవర్ హౌస్‌లో పనిచేసేవాడు. మేం కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్నకు ఒక్కగానొక్క అక్క, మా మేనత్త, టేకులపల్లి అవతల అడవిని ఆనుకున్న ఊళ్లో ఉండేది. మా నానమ్మ తొందరగా పోవడంతో నాన్నను చంకనేసుకుని పెంచింది అత్తే. ఆయనకు ముక్కు మీద కోపం, మా అమ్మ కూడా ఎదురు చెప్పేది కాదు. అలాంటి మనిషి, అత్త "నోరు మూసుకొని బువ్వ తినురా" అంటే తలొంచుకుని తినేవాడు. నాకు అది చూడటం మహా సరదాగా ఉండేది.

అత్తకు పిల్లలు లేరు. వేసవి సెలవులిస్తే చాలు, నేను ఆవిడ దగ్గర వాలిపోయేదాన్ని. నన్ను "కోడలు పిల్లా" అని పిలిచి, నా జడ తనే అల్లి, చింతచిగురు పప్పులో నెయ్యి వేసి ముద్దలు కలిపి పెట్టేది. మామయ్య ఇల్లెందు వైపు బొగ్గు బాయిలో పనికి బస్సు మీద వెళ్లేవాడు కనుక ఆయన సైకిల్ ఇంట్లోనే ఉండేది. దాన్ని అత్త తొక్కేది. చీర కుచ్చిళ్లు ఎగదోపి మగవాళ్ల సైకిల్ మీద వెళ్తుంటే ఊళ్లో కొందరు నవ్వేవాళ్లు. ఆవిడ బెల్లు కొట్టి మరీ వాళ్ల ముందు నుంచి పోయేది.

మే నెల వచ్చిందంటే ఆ ఊళ్లో అందరికీ బీడీలకు వాడే తునికాకు పనే. పొద్దున్నే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, ఇంటి నీడలో కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, మధ్యాహ్నం దాటాక కల్లానికి చేర్చాలి. అక్కడ వాటిని ఎండబెడతారు. ఆకు తడిసి నల్లబడితే కల్లం దగ్గర తీసుకోరు, ఆ రోజు కష్టం మట్టిపాలు. అందుకే మబ్బు పడితే ఆడవాళ్లంతా ముందు కట్టల మీద గోనెపట్టాలు కప్పి, ఆ తర్వాతే తమ తలల మీద కొంగు కప్పుకునేవాళ్లు.

నాకు పదేళ్లప్పటి మాట. ఒక మధ్యాహ్నం అత్తా నేనూ సైకిల్ మీద కల్లానికి బయల్దేరాం. వెనక క్యారేజీ మీద కట్టలు, ముందు దండె మీద నేను. సగం దారి దాటాక పడమటి వైపు ఆకాశం నల్లబడింది. ఇంకా చినుకు కూడా పడలేదు. ఎక్కడో దూరంగా ఒక ఉరుము వినిపించిందంతే, అత్త కాలు నేలకు ఆనించి సైకిల్ ఆపేసింది. దగ్గర్లో ఇల్లు లేదు, పాక లేదు. దున్నని ఖాళీ చెలకలో ఒంటరిగా ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. దాని కిందికి పరిగెడదామని నేను దూకాను. అత్త నా రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

సైకిల్‌ను కట్టలతో సహా బాట పక్కన పడేసింది. గోనెపట్టా కూడా కప్పలేదు. నన్ను చెట్టుకూ సైకిల్‌కూ దూరంగా, చెలకలో కాస్త పల్లంగా ఉన్న చోటికి లాక్కెళ్లి, రెండు పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకు కూర్చోమంది. తల మోకాళ్ల మధ్య పెట్టి చెవులు మూసుకోమంది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత నన్ను అక్కడే వదిలేసి, ఇరవై అడుగుల అవతలికి పోయి తను కూడా అలాగే కూర్చుంది.

అప్పుడు మొదలైంది వాన. ఆకాశం మా నెత్తి మీదే పగులుతున్నట్టుంది. నేను ఏడుస్తూ లేచి అత్త దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ లేచి వచ్చి నన్ను భుజాలు పట్టి వెనక్కి నెట్టింది.

"నా దగ్గరికి రాకు! గాడనే కూసో! లేస్తే కొడత!"

అత్త నన్ను ఎప్పుడూ అలా కసరలేదు. మెరుపు మెరిసినప్పుడల్లా తలెత్తి చూశాను. ఆవిడ కూడా నా వైపే చూస్తూ ఏదో చెబుతోంది గానీ వాన హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. భయం కన్నా నాకు కోపమే ఎక్కువైంది.

వాన వెలిశాక, ఉరుములు పూర్తిగా ఆగి చాలాసేపయ్యాకే లేచింది. లేచీ లేవగానే వచ్చి నన్ను ఒళ్లోకి లాక్కుంది. "ఇద్దరం ఒక్క కాడ ఉంటే ఇద్దరం పోతం బిడ్డా. దూరం దూరం ఉంటే, ఒకళ్లకేమన్న అయినా ఇంకొకళ్లు లేసి సూస్తరు, ఎవలనన్న పిలుస్తరు" అంది. అంతకు ముందు ఏడాది వాళ్ల ఊరి తల్లీ ఇద్దరు పిల్లలూ చెట్టు కింద ఒకరినొకరు పట్టుకుని కూర్చుంటే పిడుగు పడి ముగ్గురూ పోయారట. వాళ్లను మోసుకొచ్చిన వాళ్లలో అత్త కూడా ఉందట. నేను మూతి ముడుచుకుని విన్నాను. విన్నాను, అర్థమైంది కూడా. ఆకు మొత్తం నానిపోయింది. ఆవిడ కట్టల వైపు ఒకసారి చూసి, బురదలోంచి సైకిల్ లేపుకుంది.

విచిత్రమేమిటంటే ఆ రోజు ఆ చుట్టుపక్కల ఎక్కడా పిడుగు పడలేదు. ఆ ఇప్పచెట్టు మీద పడి ఉంటే అత్త జ్ఞానిలా కనిపించేది. పడలేదు కాబట్టి, చిన్నపిల్లను వానలోకి నెట్టేసిన మనిషిగా మిగిలింది.

మూడు రోజుల తర్వాత నాన్న వచ్చాడు. ఆయన ఒళ్లో కూర్చుని గారాలు పోతూ నేను చెప్పాను, పిడుగుల వానలో అత్త నన్ను నెట్టేసిందని, తను వేరే చోట కూర్చుందని, దగ్గరికి వస్తే కొడతానందని. ప్రతి మాటా నిజమే. ఎందుకు నెట్టిందో చెప్పలేదు. ఆకంతా వానపాలు చేసి నన్ను లాక్కెళ్లిందని చెప్పలేదు. నాకు కావలసింది నాలుగు ముద్దు మాటలు, అంతే.

నాన్న ముఖం ఎర్రబడింది. అత్త నింపాదిగా చెప్పబోయింది. ఆయన పవర్ హౌస్‌లో రోజూ రబ్బరు పట్టా మీద నిలబడి, రబ్బరు తొడుగులు వేసుకుని పనిచేసే మనిషి. ఆ విద్యే ఆయనకు అడ్డం వచ్చింది.

"కరెంటు సంగతి నాకు చెప్తవా అక్కా? దాంట్లనే బతుకుతున్న. సైకిల్ టైర్లు రబ్బరువి గదా, తొక్కుకుంట పోతే ఏమైతుండె?" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "కన్నతల్లివైతే గట్ల నూకుదువా?" అని కూడా అన్నాడు.

అత్త నా వైపు ఒక్కసారి చూసింది. చెప్పవే బిడ్డా, అన్నట్టుగా చూసింది. నేను తలొంచుకుని గౌను అంచు మెలిపెడుతూ కూర్చున్నాను. ఆ సాయంత్రం బస్సుకే నాన్న నన్ను తీసుకొచ్చేశాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాన్న నోరు జారాడు, నేను నోరు మూసుకున్నాను. రెంటిలో ఏది పెద్ద తప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆవిడ మా ఇంటికి రాలేదు. నా పెళ్లికి అత్త నుంచి చీర వచ్చింది గానీ అత్త రాలేదు. ఆ చీర మడత నాన్న చాలాసేపు చేత్తో నిమరడం చూశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. పాత సంగతి ఇప్పుడెందుకులే అనుకున్నాను.

నాన్న పోయిన రెండేళ్లకు నేను ఒక సర్కారు దవాఖానాలో నర్సుగా ఉన్నాను. ఒక వానాకాలపు మధ్యాహ్నం ఇద్దరు అన్నదమ్ముల్ని ఆటోలో తెచ్చారు. మోటారు సైకిల్ మీద పోతూ వానకు చెట్టు కింద బండి ఆపి, ఆ బండి మీదే భుజం భుజం ఆనించి కూర్చున్నారట, పిడుగు పడింది. చూసినవాళ్లు వచ్చేసరికే ఆలస్యమైపోయింది. డాక్టరు గారు చాలాసేపు ప్రయత్నించి, చేతులు కడుక్కుంటూ అన్నారు, ఒక్కడు కాస్త దూరంగా ఉండి ఉంటే రెండోవాడి గుండె మీద నొక్కి బతికించుకునేవాడేమో అని. టైర్లు రబ్బరువే కదా సార్, అని ఎవరో అడిగారు. మబ్బుల్లోంచి అంత దూరం గాలిని చీల్చుకుని వచ్చేదానికి వేలెడు రబ్బరు ఒక లెక్కా, అన్నారాయన.

మర్నాడే సెలవు పెట్టి అత్త దగ్గరికి వెళ్లాను. వాకిట్లో చేటతో వేసవిలో దాచిన ఎండు ఇప్పపువ్వు చెరుగుతోంది. ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను, ఏడ్చాను. అత్త చెరగడం ఆపలేదు. "పిల్లకాకికేం తెల్సు ఉండేలు దెబ్బ. ఊకో" అంది. కాసేపటికి చేట పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేసింది.

"నాకు చెప్తే ఏం లాభం బిడ్డా, నాకు తెల్సిందే గదా. మీ నాయినకు చెప్పకపోతివి."

అందులో కోపం లేదు. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఇప్పుడు నా మనవరాలి స్కూటీ వెనక కూర్చుని ఏన్కూరు వైపు వెళ్తుంటే ఉరుము వినిపించిందా, బండి ఆపమంటాను. దగ్గర్లో ఇల్లో బడో ఉంటే లోపలికి పోతాం. లేకపోతే బండినీ చెట్టునూ వదిలి, పల్లంలో, ఒకరికొకరం దూరంగా గొంతుకు కూర్చుంటాం. నానమ్మ చాదస్తం అని అది నవ్వుతుంది. ఎందుకు దూరంగా కూర్చోబెట్టానో ప్రతిసారీ విడమర్చి చెబుతాను, ఇంటికి పోయాక వాళ్ల నాన్నకు కూడా మొత్తం చెప్పమంటాను. ఆ రెండు ముక్కలు మా నాన్నకు చెప్పడానికి నాకు పాతికేళ్లు దొరికాయి. ఒక్క రోజు కూడా వాడుకోలేదు.