అమ్మ చెయ్యి వెయ్యని పొదుగు

రాయల్పాడు దగ్గరి మా ఊళ్ళో తమ్ముడి కొట్టంలోకి అడుగుపెడితే ఇప్పుడు పేడ వాసన కంటే ముందు అయోడిన్ వాసన తగులుతుంది. పాలు తీశాక ఆవు చన్నులను ఆ మందులో ముంచుతారట. శుభ్రమైన వాసనే, కాదనను, కానీ నాకు పడదు. నా చిన్ననాటి కొట్టానికి ఉడికిన ఉలవల వాసన, మంచుకు తడిసిన రాగిగడ్డి వాసన, దూడ మూతి మీది నురగ వాసన ఉండేవి, వాటన్నిటి మధ్య మా అమ్మ కూర్చుని ఉండేది.

మాకు మూడు సీమావులు, చుక్కి, ఎర్రమ్మ, బూది. తెల్లవారుతూనే అమ్మ వేళ్ళకు ఆముదం రాసుకుని, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంటే ఎంత పెంకె ఆవైనా చేపేది. చలికాలంలో అనపగింజలు నానబెట్టి పొద్దంతా పితికి, ఆ పితికిపప్పు చారు సంకటి గుంటలో పోసుకుని తినేవాళ్ళం. ఉగాదికి ఓళిగల మీద ఇంటి నెయ్యి పారేది. ఆవు ఈనితే జున్ను వీధంతా పంచేవాళ్ళం. మామిడితోపులో పూత రాలుతుంటే దాని కింద అచ్చనగాయలు ఆడుకునేవాళ్ళం, నాయనమ్మ అయిన మా అవ్వ వక్కాకు నములుతూ, మమ్మల్ని తిడుతూ, మా పక్కనే కూర్చునేది. ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది ఇంట్లో: బాగలేనివాళ్ళకే ముందు. జ్వరమొచ్చిన పిల్లకు గంజి పోశాకే నాయనకైనా సంకటి.

ఒక ఏడు ఆ పూత నాళ్ళలోనే చుక్కికి పొదుగు వాచింది. రాయిలా గట్టిపడి, ముడితే కాలేది. పాలలో ముందు విరుగుడు ముక్కలు, తర్వాత నెత్తుటి చారలు. అంత నొప్పిలోనూ అది అమ్మను తన్నలేదు, తల తిప్పి ఆమెనే చూస్తూ నిలబడేది. అమ్మ కట్టుబాటు తప్పలేదు. లేస్తూనే ముందు చుక్కి దగ్గరికే పోయి, ఆ చెడ్డపాలు మెల్లగా పిండి పారబోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎర్రమ్మ దగ్గర కూర్చునేది, ఆ తర్వాత బూది దగ్గర. కలబంద, పసుపు, సున్నం నూరి పట్టించింది. అవ్వ మిరపకాయలతో దిష్టి తీసింది. కొన్నాళ్ళకు ఎర్రమ్మకూ వాచింది, దాని వెనకాలే బూదికీ.

"కోడలిపిల్ల చెయ్యి మంచిది కాదురా, ఇంగ పొదుగు ముట్టనీయొద్దు," అంది అవ్వ నాయనతో. ఆ మాటలో కోపం లేదు, అందుకే అమ్మకు అది అంత లోతుగా దిగింది. తిడితే ఎదురు చెప్పుకోవచ్చు.

ఎండిపోయిన పొదుగులతో మూడూ సంతకు పోయాయి. చుక్కిని లారీ ఎక్కించేదాకా పలుపు అమ్మ చేతిలోనే ఉంది. తర్వాత వేరే ఆవులొచ్చాయి, నాయన పిండాడు, ఆయన తర్వాత తమ్ముడు. అమ్మ పేడ ఎత్తింది, కుడితి పెట్టింది, గడ్డి కోసుకొచ్చింది, పొదుగు మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. అప్పుడే పుట్టిన దూడనైనా గోనెపట్టాతో తుడిచేదే గానీ వట్టి చేత్తో నిమిరేది కాదు. నాకు పెళ్ళయి కేజీఎఫ్‌కు వచ్చి, కూతురు పుట్టినప్పుడు తొలిస్నానం నువ్వే పొయ్యమంటే, "నా చెయ్యి వద్దులేమ్మా," అంది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపు ఆగదు.

మొన్న నేను ఊరికి పోయిన రోజే పశువుల డాక్టరు వచ్చాడు. పొదుగు వాపు రాకుండా, చూలావులకు ఈనక ముందే మెడకు సూది వేస్తున్నాడు. మరదలు పలుపు పట్టుకుంది. అమ్మ గడపలో కూర్చుని చూస్తోంది.

"అప్పుడే ఈ సూది ఉండింటే మా చుక్కి దక్కుతాండె కదప్పా," అంది అమ్మ. ఆ మాటలో కాస్త తేలిక వినిపించింది నాకు.

"సూదితో జబ్బు జోరు తగ్గుతాదమ్మా, అంతే. చెయ్యి ముఖ్యం," అని డాక్టరు మరదలి వైపు తిరిగాడు. "ఒకదానికి వాపొస్తే దాన్ని కడాకు, అన్నీ అయినాకే పిండల్ల. ముందే పిండితే ఆ చేత్తోనే అన్నిటికీ అంటుకుంటాది." చెప్పేసి, ఇంకో ఆవు దగ్గరికి పోయాడు.

ఇప్పుడు కొట్టంలో పాలు మిషను తీస్తుంది. ఆవులకు పేర్లు లేవు, చెవులకు పసుపు బిళ్ళలున్నాయి. అవ్వా లేదు, నాయనా లేడు, మామిడితోపులో సగం లేఅవుటైపోయింది. అమ్మ వేళ్ళు కీళ్ళవాతానికి వంకరపోయాయి, ఇంక పిండమని బతిమాలినా పిండలేవు.

నేను పోయి పక్కన కూర్చున్నాను. "నీ చెయ్యి చెడ్డది కాదమ్మా. చుక్కికి నొప్పని ముందు దాని దగ్గరికి పోయినావు, అంతే," అన్నాను.

అమ్మ తన వేళ్ళను కొంగుకు తుడుచుకుంది.

"ఒకదానికీ ఇంకోదానికీ నడాన చెయ్యి కడుక్కోనింటే సరిపోతాండెనా?"

"చాలామట్టుకు సరిపోతాండె."

"ఉడుకునీళ్ళు పొయ్యి మీదనే ఉండె," అంది.