నా దగ్గరే ఆగిన పలక

నా చిన్నప్పుడు చందానగర్‌లో నేను చదివిన ఇంగ్లీషు మీడియం బడిలో ఒక చెక్క పలక ఉండేది. అరచేతికన్నా కొంచెం పెద్దది, తాడు కట్టి ఉండేది. ఆవరణలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో దాన్ని వేసేవారు. వదిలించుకోవాలంటే తెలుగు మాట్లాడే మరొకరిని పట్టుకుని వాళ్ల మెడలో వేయాలి. చివరి గంటకు అది ఎవరి మెడలో ఉంటే వాళ్లు మర్నాడు ప్రార్థన అయ్యేదాకా అందరి ముందు మోకాళ్ల మీద నిలబడాలి. హెడ్మాస్టరు కష్టపడే పని లేదు. మమ్మల్ని మేమే కాపలా కాసుకునేవాళ్లం. పెద్దయ్యాక ఎన్నో ఆచారాల మీద సభల్లో వాదించాను గానీ ఇంత తెలివిగా తనంతట తానే నడిచే ఆచారం మరొకటి చూడలేదు.

ఒకరోజు చివరి గంట దగ్గర పడేసరికి పలక నా మెడలో ఉంది. నా పక్కన కూర్చునే స్నేహితురాలు మెట్ల మీద జారిపడి, మోకాలు చీరుకుపోయి, "అమ్మా" అంది. నేను తాడు తీసి ఆమె మెడలో వేశాను.

"నొప్పి లేసి అన్ననే. కావాలని అనలే."

నేను నోరు విప్పలేదు. విప్పితే పలక మళ్లీ నాకే వస్తుంది. సంతోషం కలగలేదు, బాధా కలగలేదు. మెడ తేలికైందని మాత్రం తెలిసింది.

సాయంత్రం పక్కింటి అక్క దగ్గరికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వెళ్లాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఆమె టీచరు ట్రైనింగు చదువుతుండేది. పాత క్యాలెండరు కాగితాలను ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో మాట రాసి, ఏ మాట ఏ మాటతో కలిసి నడుస్తుందో చాప మీద పేర్చి చూపించేది. ఆ రోజు మధ్యలో 'పెనాల్టీ' పెట్టింది. చుట్టూ ఇంపోజ్, ఫేస్, ఎస్కేప్, వేవ్. విధించడం, ఎదుర్కోవడం, తప్పించుకోవడం, మాఫీ చేయడం. 'డూ' అన్న ముక్కను పక్కన పడేసింది.

"ఇది దాంతో కలవదు. మనం మాత్రం శిక్ష చేశామంటామా? వేశామంటాం. ఇదీ అంతే. ఇవాళ బడిలో జరిగింది ఈ మాటలతో రాయి, చూద్దాం."

రాశాను. మెట్ల దగ్గర ఒక అమ్మాయి మెడలో పలక పడింది. ఆమెకు పెనాల్టీ ఇంపోజ్ అయింది. రేపు ఆమె దాన్ని ఫేస్ చేస్తుంది. నేను ఎస్కేప్ అయ్యాను.

అక్క చదివింది. "మాటలన్నీ చక్కగా కలిశాయి. ఇంతకీ ఇంపోజ్ చేసిందెవరు?"

"హెడ్మాస్టరు."

"ఆయన మెట్ల దగ్గరున్నాడా?"

"లేడు."

"మరి మెడలో వేసిందెవరే?"

ఆమె తిట్టలేదు. పెన్సిలు నా చేతికిచ్చి, 'వేవ్' అన్న ముక్కను నా వైపు జరిపి, పొయ్యి మీది కూర చూసుకోవడానికి లోపలికి వెళ్లింది. 'నేను' అని రాయడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు స్నేహితురాలు కట్టు కట్టిన మోకాలితో ప్రార్థన వరుసల ముందుకు నడుస్తుంటే ఎదురెళ్లాను. "ఆ పలక జర నాకియ్యి," అన్నాను, హెడ్మాస్టరుకు వినబడేలా, తెలుగులో. నియమం ప్రకారం అది నాకు రావలసిందే. ఆమె నా మొహం చూడకుండా తీసి నా మెడలో వేసింది. మోకాళ్ల మీద నిలబడ్డాను. గచ్చు గరుకుగా ఉంది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

ఆ తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. మధ్యాహ్నానికే సంగతి అందరికీ తెలిసిపోయింది. "పలక ఆమె ఎవ్వరికీ ఇస్తలేదట, ఇగ ఫికర్ లేదు," అని నీళ్ల పంపు దగ్గర ఎవరో అన్నారు. ఆ వారమంతా నేను పొద్దున్నే మోకాళ్ల మీద నిలబడ్డాను, బడంతా తెలుగు మాట్లాడింది. శనివారం హెడ్మాస్టరు పలకను నా మెడలోంచి తీసి బీరువాలో పెట్టాడు. మళ్లీ బయటికి తీయలేదు. స్నేహితురాలు అందరితో మాట్లాడేది, నాతో తప్ప. ఆమె శిక్షను నా మీద వేసుకోగలిగాను. వేసింది నేనేనన్న సంగతిని మాఫీ చేయడం నా చేతిలో లేదు.

ఇప్పుడు మణికొండలో ఉంటున్నాను. పోయిన నెల మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి ఒక నోటీసు తెచ్చాడు. పనిమనుషులు లిఫ్టు ఎక్కితే పెనాల్టీ. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఆరంతస్తులు మెట్లెక్కి రావాలన్నమాట.

"ఆంటీ, ఇంగ్లీష్ జర చూడండి. తప్పులుంటే నామోషీ."

తప్పుల్లేవు. పెనాల్టీ పక్కన ఇంపోజ్ కుదురుగా కూర్చుని ఉంది. అడుగున ఒక గీత గీసి, 'విధించేవారి పేరు' అని రాసి, సంతకం చేయమన్నాను.

"నా ఒక్కడి పేరెందుకాంటీ? అందరం అనుకున్నదే కదా."

"అయితే అందరి పేర్లూ రాయించు."

కాగితం మడిచి పట్టుకుపోయాడు. లిఫ్టు దగ్గర ఇంకా అతికించలేదు. ఆవిడ ఇవాళ కూడా లిఫ్టులోనే వచ్చింది. ఎక్కడ శిక్ష అన్న మాట చదివినా, వేసిన చెయ్యి ఎవరిదని ఇప్పటికీ ముందు వెతుకుతాను. వెతికే ప్రతిసారీ ఆ తాడు గరుకు నా వేళ్లకే తగులుతుంది.