కన్ను పెట్టని తాబేలు

దుప్పటి మీద తాబేలుకు కన్ను ఎందుకు లేదని అడిగావు కదమ్మా. పెడనలో మా ఇంట్లో బొమ్మ ఒళ్లంతా చెక్క అచ్చుతో అద్ది, కన్ను మాత్రం చివర్న కలంతో పెడతాం. సముద్రాన్ని కాపాడుకోవాలని బందరు బీచ్‌లో పండగ చేస్తుంటే, అక్కడ కట్టడానికి అద్దిన దుప్పటి అది. బతికున్న తాబేలు కన్ను చూశాకే పెడతానని మీ తాతయ్య పట్టుబట్టారు.

అవి గుడ్లు పెట్టే రోజుల్లో దివిసీమ ఒడ్డుకు వెళ్లాం. పొడుగునా చచ్చిన తాబేళ్లే. వల బాగుచేసుకుంటున్న ఓ ముసలాయనకు వచ్చిన పని చెప్పాం.

“కళ్లు చూడ్డానికొచ్చావా బావా? కాకులు నీకంటే ముందే వచ్చాయి!”

తాతయ్య నవ్వలేదు. ముసలాయనా నవ్వు మానేశాడు. “వల్లో తాబేలు పడితే మా నాన్న బొట్టు పెట్టి వదిలేవాడయ్యా. ఇప్పుడు పెద్ద బోట్ల వలల్లో ఊపిరాడక చస్తున్నాయి.”

నా దగ్గరున్న కుంకుమ తీసుకుని తాతయ్య ఒకదానికి బొట్టు పెట్టారు.

దుప్పటిని కన్ను లేకుండానే పండగలో కట్టారు. ఆ తర్వాత కూడా తాతయ్య ఏటా కలం సంచిలో వేసుకుని ఆ ఒడ్డుకు వెళ్లేవారు. చివరిసారి ఒక్కరే వెళ్లి, జ్వరంతో తిరిగొచ్చారు. ఇక మంచం మీంచి లేవలేదు.

“ఏమండీ, ఒక్కటైనా బతికున్నది కనబడిందా?” అని ఆయన కన్ను మూసేదాకా పక్కన కూర్చుని అడుగుతూనే ఉన్నాను.