కిటికీ ముందు చిలకల ఇల్లు

చిలకలంటే నాకు ప్రత్యేకంగా ఇష్టమేమీ లేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. మా ఇంటికొచ్చినవాళ్ళు పెరట్లో ఇనప జాలీతో కట్టిన ఆ గదిని చూసి, "ఎంత ప్రేమండీ మీకు పక్షులంటే!" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ప్రేమా లేదు, పాడూ లేదు. అప్పటికి నాకు మిగిలిందల్లా నడుంనొప్పి.

ఆ చిలకలు మా అత్తగారివి. రాజోలు దగ్గర మా ఊళ్ళో పెద్ద తుఫాను కొబ్బరితోటల తలలు విరిచేసి పోయాక, తలలేని మానులు రెండు మూడేళ్ళు అలాగే నిలబడి ఉండేవి. వాటి తొర్రల్లో రామచిలకలు గుడ్లు పెట్టేవి. మా తోటలో ఒక మానుని కొట్టించిన రోజున తొర్రలోంచి రెండు పిల్లలు బయటపడ్డాయి, ఒంటిమీద ఈక కూడా లేకుండా. అత్తగారు వాటిని కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. పాలల్లో పిసికిన మెతుకులు వేలి చివర పెట్టి తినిపించారు. రామచిలకల్ని ఇంట్లో పెంచకూడదని చట్టం ఉందన్న సంగతి అప్పట్లో మా వీధిలో ఎవరికీ తెలీదు. రెంటిలో ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. చివరికి వాటికి పేర్లు కూడా అవే అయ్యాయి.

ఏడాదికోసారి పాత ఈకలు రాలి కొత్తవి రాగానే, అత్తగారు కుట్టుమిషను కత్తెర తీసుకుని అరుగు మీద కూచునేవారు. పెద్దదాన్ని ఒళ్ళో తువ్వాల్లో చుట్టి, రెక్క విప్పి, వరసగా కత్తిరించేవారు. తరవాత చిన్నదాని వంతు. "ఎగిరితే గెద్ద తన్నుకుపోద్దే. తిండి పెట్టి పెంచింది గెద్దలకా?" అనేవారు. ఆవిడ ఏం చేసినా దానికో న్యాయం ఉండేది. కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే రుచి చూడక్కర్లేదు, వాసనతోనే పట్టేసేవారు. పట్టేశాక ఊరుకునే మనిషి కూడా కాదు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. మా ఆయన మస్కట్‌లో ఉన్నారు. వచ్చి పదిహేను రోజులుండి, తల్లి కాళ్ళ దగ్గర కూచుని ఏడ్చి, మళ్ళీ విమానం ఎక్కేశారు. ఏడవడానికి నాకు పదిహేను రోజులు కాదు గదా, పదిహేను నిమిషాలు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఒళ్ళు తుడవడం, పక్కబట్టలు ఉతకడం, గంటకోసారి పక్క మార్చడం, జావ తాగించడం, పిల్లల్ని బడికి పంపడం. పొద్దున్న లేస్తే మళ్ళీ అదే. ఆవిడ మంచం మీద వంగేదాన్ని, మోకాలు ఆనించేదాన్ని, అంతేగానీ ఎప్పుడూ కూచోలేదు. కూచోమని ఆవిడా అనలేదు. అత్తగారి మంచం మీద కోడలు కూచునే ఇల్లు కాదు మాది.

మంచం కిటికీ పక్కన వేశాం. చిలకల పంజరం ఆ కిటికీ బయట, చూరుకి వేలాడుతుండేది. మూడు నాలుగు నెలలు గడిచేసరికి ఆవిడకి మాట ముద్దముద్దగా కొంచెం తిరిగొచ్చింది. నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకరోజు పక్కింటి జామచెట్టు మీద చిలకల గుంపు వాలి, గోల చేసి, ఒక్కసారిగా లేచిపోయింది. పంజరంలో ఉన్న రెండూ ఊచలు పట్టుకుని ఒకటే అరుపు. ఆవిడ చాలాసేపు వాటినే చూశారు.

"కత్తెర ఇంక ముట్టుకోకు. కత్తిరించినంత కాలం కత్తిరించేను. చాలు," అన్నారు.

"అలాగే అత్తయ్యా," అన్నాను.

"నేనెలాగూ లేవను. అవన్నా ఎగరాలి. ఒక్కసారి చూస్తానే."

వదిలేస్తే కాకులే పొడిచి చంపుతాయి. పుట్టాక ఎగిరి ఎరగని పక్షులాయె. కాబట్టి కిటికీ ముందే, మనిషి లోపల నిలబడేటంత పెద్ద గూడు కట్టాలట. అందులో ఎగరాలట. ఆవిడ పడుకుని చూడాలట. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఉన్న చాకిరీ చాలదని ఇదొకటి! ఆ కోపమంతా ఆ పూట అంట్ల మీద చూపించాను. సత్తుగిన్నె ఒకటి సొట్టపోయింది. అయినా తెల్లారి మా వీధి చివర ఉండే వలలాయనకి కబురు పెట్టాను. ఆవిడ నన్ను ఒకటి కావాలని అడగడం, నేను కాపరానికొచ్చాక అదే మొదటిసారి.

వలలాయన పని, రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా వలలు కట్టడం. మా వైపు రొయ్యకి జబ్బొచ్చి చెరువులు ఎండిపోయాక పనీ ఎండిపోయింది. ఆయన వచ్చి, తుండుగుడ్డ భుజమ్మీంచి తీసి, ఎండలో ఆ జాగా అంతా అడుగులేసి కొలిచి నవ్వారు.

"ఇన్నాళ్ళూ పిట్టలు లోపలికి రాకుండా కట్టేనండి. ఇప్పుడు బయటికి పోకుండా కట్టమంటున్నారు. ఆయ్, అలాగే కడతానండి, దాందేవుంది."

అసలు చిక్కు పెరట్లోని కొబ్బరిచెట్టుతో వచ్చింది. కిటికీలోంచి కనపడే జాగా సరిగ్గా చెట్టు కిందే ఉంది. "కాయ పడిందంటే చిలక కాదండి, మనిషే పోతాడు. ఇటు జరుపుకుందారండి," అన్నారాయన. ఇటు జరిపితే మంచం మీంచి కనపడదు. చెట్టు కొట్టేద్దామా అంటే, కాపున్న కొబ్బరిచెట్టుని కొట్టడం మా సీమలో కన్నకొడుకు మీద కత్తెత్తడంతో సమానం. అత్తగారినే అడిగాను. రాలిన పిందెని కూడా ఏరి దాచే మనిషి, కాసేపు కళ్ళు మూసుకుని, "గెలలన్నీ దింపించెయ్. పిందెలతో సహా. వచ్చినప్పుడల్లా దింపించు," అన్నారు. కాయలు దింపే అతను చెట్టెక్కి నరుకుతుంటే ఒక్కో గెలా నేలమీద పడ్డ చప్పుడికి ఆవిడ ఎడమచెయ్యి దుప్పటి పిడికిట్లో పట్టుకోవడం నేను చూశాను. వద్దని మాత్రం అనలేదు.

నాలుగు మూలలా సరుగుడు రాటలు పాతారు. పందికొక్కులు తవ్వకుండా చుట్టూ ఇటుకలు రెండు వరసలు భూమిలోకి దించారు. పైన సగం తాటాకు కప్పు. లోపల కూచోడానికి జామకొమ్మలు అడ్డంగా కట్టారు. రాటలు పట్టుకుని నిలబడింది నేను, ఇటుకలు మోసింది నేను, మధ్యలో లోపల్నించి పిలుపొస్తే చేతులు కడుక్కుని పరిగెత్తింది నేను. అప్పుడు జరిగింది తప్పు. ఇనప జాలీకి రాజోలులో చెప్పాం, వారం పడుతుందన్నారు. అత్తగారు రోజూ "అయిందా?" అని అడుగుతున్నారు. వలలాయన ఇంట్లో చెరువుల మీంచి విప్పిన నైలాను వల గుట్టలుగా పడి ఉంది. ఊళ్ళో పాదులకీ, దడులకీ, కోళ్ళకీ అందరూ ఆ వలే కట్టుకునేవారు. మేమూ అదే కట్టేశాం.

"చిలక ముక్కుకి ఇది ఆగదండి. జాలీ వచ్చేదాకానే. పగలు మనుషులు తిరుగుతుంటారు కాబట్టి పర్లేదు. పొద్దుగూకేసరికి మాత్రం పాత పంజరంలో పెట్టేసుకోండి. మర్చిపోకండేం," అని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళారు.

మొదటిరోజు రెండూ కొత్త ఇంట్లో మూల నక్కి కూచున్నాయి. రెండోరోజు కొమ్మలెక్కాయి. అత్తగారు తిండి మీద ధ్యాస లేకుండా వాటినే చూశారు. సాయంత్రం వాటిని పట్టడం నా పని. పెద్దది నా బొటనవేలు రక్తం వచ్చేలా కొరికింది. మూడోరోజూ కొరికింది. నాలుగోరోజు అత్తగారికి విరేచనాలు పట్టుకున్నాయి. పక్కబట్టలు ఐదుసార్లు మార్చాను. కరెంటు లేదు, బోరింగు కొట్టి కొట్టి భుజాలు దిగిపోయాయి. పొద్దుగూకే వేళ పెరట్లో నిలబడి ఆ గూటివైపు చూశాను. పంజరం చేతిలోనే ఉంది. తలుపు గొళ్ళెం తియ్యడానికి చెయ్యి లేవలేదు. 'ఒక్కరోజుకి ఏం కాదులే' అనుకున్నాను. మర్చిపోలేదు, తెలిసే చేశాను. ఇన్నేళ్ళయినా ఆ మాట మార్చి చెప్పుకోవడం నాకు చేతకాలేదు.

తెల్లారి చూస్తే వలకి పిడికిలంత కన్నం. చిన్నది కొమ్మ మీద ఉంది. పెద్దది లేదు. పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట వెనకాల దొరికింది, దొరికినంత. పిల్లి పని. రెక్కల్లేనిది నడుచుకుంటూ పోయుంటుంది పాపం, ఎంత దూరం పోగలదు? అక్కడే గోడకి జారబడి ఏడ్చాను. చిలక కోసమో, నా కోసమో నాకే తెలీదు. ఆవిడ లేచేలోపు కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పాతిపెట్టి, పైన ఎండుమట్ట ఒకటి లాగి, మొహం కడుక్కుని లోపలికి వచ్చాను.

అత్తగారు అప్పటికే కళ్ళు తెరిచి ఉన్నారు.

"పెద్దదేదే?"

నోటికొచ్చింది అనేశాను. "ఎగిరిపోయిందత్తయ్యా. వల కొరికేసి ఎగిరిపోయింది."

ఆవిడ నా మొహంలోకి చూశారు. ఎటు పోయింది, నువ్వేం చేస్తున్నావు, పంజరంలో ఎందుకు పెట్టలేదు అని అడుగుతారనుకున్నాను. ఒక్క మాటే అడిగారు.

"ఎటు?"

"కాలవ వైపు."

"మంచిదే," అని కళ్ళు మూసుకున్నారు.

అంతే. మళ్ళీ ఎత్తలేదు. ఉప్పు వాసన పట్టే మనిషి ఇంత అబద్ధాన్ని ఎలా మింగారో నాకు బోధపడలేదు. జబ్బుతో మనిషి మెత్తబడ్డారు, బుర్ర కూడా మందగించింది కాబోలు అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. సిగ్గు మాత్రం పోలేదు. వలలాయన వచ్చి కన్నం చూశారు, డొక్కల దగ్గర నేను ఏరకుండా వదిలేసిన పచ్చ ఈక చూశారు, నన్ను చూశారు. కిటికీలోకి వినపడేలా, "ఆయ్, ఎగిరిపోయిందండి. ఎంచక్కా ఎగిరిపోయింది," అన్నారు. ఆ ఈక తుండుగుడ్డలో చుట్టి పట్టుకుపోయారు. జాలీ వచ్చిన రోజున వల విప్పి, మేకు పక్కన మేకు కొట్టి, చీమ దూరకుండా బిగించారు.

ఆ తరవాతంతా ఒకే రకం రోజులు. జాలీ పట్టుకుని ముక్కుతో, కాళ్ళతో పైకి పాకడం, కొమ్మ మీంచి కొమ్మకి గెంతబోయి కింద పడడం, ఇదే చిన్నదాని బతుకు. వానాకాలం వచ్చింది, తాటాకు కారింది, కొత్తది కప్పాను. పిందెలు కాయలు కాకముందే మూడుసార్లు దింపించాను. పొద్దున్నే అత్తగారిని కిటికీ వైపు తిప్పి, సాయంత్రం గోడ వైపు తిప్పేదాన్ని. ఆవిడ మాట తగ్గుతూ వచ్చింది. ఇది ఎగరకుండానే ఆవిడ వెళ్ళిపోతారేమోనని నాకు బెంగ పట్టుకుంది. చిలకలంటే ఇష్టం లేని నేను, పనులు మధ్యలో ఆపి, జామకొమ్మ కింద నిలబడి "ఎగరవే తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని బతిమాలేదాన్ని. గూట్లో అడుగున పాత ఈకలు ఒక్కొక్కటే రాలాయి. చివర చదునుగా కత్తిరించి ఉన్న ఈకలు. నేను ఊడ్చి పారేసేదాన్ని. ఊడుస్తున్నది ఏమిటో ఆలోచించే ఓపిక నాకెక్కడిది!

మళ్ళీ మామిళ్ళు పూతకొచ్చాయి. ఒక పొద్దున జావ గిన్నె పట్టుకుని మంచం దగ్గరికొచ్చాను. చిన్నది ఈ చివర కొమ్మ మీంచి లేచి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ, అటు చివర జాలీకి దబ్బున తగిలి, పట్టుకుని వేలాడింది. కిందపడలేదు. ఒళ్ళు దులుపుకుని మళ్ళీ లేచి ఇటు వచ్చేసింది.

"అత్తయ్యా! ఎగిరిందండీ! చూశారా?"

ఆవిడ చూశారు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారి తలగడ మీద పడ్డాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో ఆ మొహంలో తెలిసేది కాదు. చాలాసేపటికి మాట కూడదీసుకున్నారు.

"కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి రావాలి. అప్పుడుగానీ ఎగరదు. దీనికి ఇన్నాళ్ళు పట్టింది."

గిన్నె నా చేతిలో అలాగే ఉండిపోయింది. రెంటినీ ఒకే పూట, ఒకే కత్తెరతో కత్తిరించిన మనిషికి ఆ సంగతి తెలీదా!

"దాన్ని ఎక్కడ పాతేవే?"

"చెట్టు మొదట్లో," అన్నాను. "మీకు తెలుసా? మరి ఆ రోజే అడగలేదేం అత్తయ్యా?"

"నీ మొహం చూసేను కదే. ఇంకేం అడగను?"

నేను నిలబడే ఉన్నాను. ఆవిడ ఎడమచేత్తో దుప్పటి పక్కకి జరిపారు, జానెడు జాగా చేశారు.

"కూచోవే కాసేపు," అన్నారు.

జావ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఆ మంచం మీద కూచున్నాను. చిన్నది ఇంకోసారి ఎగిరింది. ఇద్దరం చూశాం.