ఆకురాయి పట్టిన ఎడమచేయి

మా ఇంట్లో బేరమాడటం ఎవరూ వేరే నేర్పనక్కర్లేదు. మా నాన్నదీ బాబాయిలదీ పక్కపక్కనే ఇత్తడి సామాన్ల కొట్లు. అన్నం దగ్గర ఇంకో అప్పడం కావాలన్నా ముందు రెండడిగి ఒకటికి దిగేవాణ్ణి. ఆ విద్యతోనే తొంభైలలో ఫరీదాబాద్ వెళ్లి, ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేరాను. కూరలవాడి దగ్గర కొత్తిమీర కొసరు రాబట్టకుండా ఇల్లు చేరిన రోజు నాకు ఒంట్లో బాగోనట్టుండేది.

మా కింది వాటాలో అదే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసే రాజమండ్రి ఆయన, ఆయన భార్య ఉండేవారు. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. రోజూ సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే అక్కది ఒకటే కేక: "ఆ నల్ల చేతులతో గ్లాసు ముట్టుకున్నారంటే చూడండి!" అది వినబడితే నేను పైన స్టవ్వు వెలిగించుకునేవాణ్ణి. ఒక ఎండాకాలం ఆయన గుండె ఆగి పోయారు. కింద నుంచి కేకా ఆగిపోయింది.

ఆ ఏడాది విశ్వకర్మ పూజకి కార్మికులు దేవుడి బొమ్మతో కొత్త పతాకం చేయించాలనుకున్నారు. పూజ రోజున యంత్రాలు ఆపేసి, పనిముట్లకు బొట్లు పెట్టి, పతాకం పట్టుకుని ఊరేగడం అక్కడి ఆనవాయితీ. సంగతి తెలిసి అక్క మెట్లెక్కి వచ్చింది.

"తమ్ముడూ, ఆయన్ని అందులో ఎక్కడో ఒకచోట వేయించవూ? ఆ గేటు లోపలే ఆయన బతుకంతా పోయింది. బేరాల్లో ఘనుడివి కదా నువ్వు."

కార్మిక సంఘం పెద్ద హర్యానా మనిషి. అందరూ ప్రధాన్‌జీ అనేవారు. ఆయన దగ్గర మొదట నిలువెత్తు మనిషిని అడిగాను. "దేవుడి పతాకం మీద మనిషి ముఖమా? నహీఁ భాయ్," అన్నాడు. వీపు వైపు నుంచి వేయిస్తానన్నాను. భుజం దాకా చాలన్నాను. చివరికి ముంజేతి దగ్గర బేరం తెగింది. దేవుడి పాదాల కింద, ఇనుము అరగదీసే ఆకురాయి పట్టుకున్న ఒక చెయ్యి. నిలువెత్తు మనిషిని అడిగి ముంజేయి తెచ్చుకున్న ఘనుణ్ణి, దారిపొడుగునా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

పెయింటర్ని అక్క దగ్గరికే తీసుకొచ్చాను. ఆకురాయి బదులు అట్లకాడ పట్టుకుని, ఆయన ఎలా పనిచేసేవారో చూపించింది. ఆయనది ఎడమచేతివాటం. "చిటికెన వేలు ఇలా బయటికి వంగి ఉండేది. ఊఁ, ఇంకాస్త." గీసి, చెరిపి, కాగితాలు చాలా పాడుచేశాక పల్చటి బటర్ పేపర్ మీద ఆ చెయ్యి కుదిరింది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ కాగితం చూసి ప్రధాన్‌జీ నొసలు ముడిచాడు. "అరే మద్రాసీ, దేవుడి ముందు ఎడమచెయ్యా?"

"ఆయన అన్నం సంపాదించింది ఆ చేత్తోనే ప్రధాన్‌జీ."

"తిన్నది కుడిచేత్తోనే కదా!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. చిన్నది చేద్దామన్నాను, మూలకి జరుపుదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"ఇందులో గొడవేముంది భయ్యా," అంటూ పెయింటర్ కాగితాన్ని తిరగేశాడు. "లో, సీధా హో గయా."

హిందీలో సీధా అంటే తిన్ననిదీ, కుడిదీ కూడా. ఎడమచేయి కుడిచేయి అయిపోయింది. గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, పైన బొగ్గుపొడి అద్ది, బొమ్మను పసుపుపచ్చ శాటిన్ మీదకి దింపాడు. ఆ కాగితం కొసరుగా నాకిచ్చెయ్యమన్నాను. నా మొహం చూసి ఇచ్చాడు.

అక్కకి ముందే చెప్పాను, చెయ్యి ఉంది కానీ కుడిది అని. అయినా పూజ రోజున గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. బాజాల వెనక పతాకం బయటికొచ్చింది. కొత్త రంగుల్లో చెయ్యి నిగనిగలాడుతోంది.

"బాగా వేశాడు," అంది. పతాకం మలుపు తిరిగాక, "ఎవరిదో," అంది.

ఇంటికొచ్చాక కాగితం ఇచ్చాను. తిరగేసి కిటికీ అద్దానికి ఆనించింది. ఎండకి బెజ్జాల్లోంచి చుక్కలు చుక్కలుగా ఎడమచేయి వెలిగింది. ఆ వంగిన చిటికెన వేలి మీద తన వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది. కాగితం మీది బొగ్గుపొడి ఆమె చేతులకి అంటుకుంది.

తర్వాత టీ పెట్టి తెచ్చింది. గ్లాసు చుట్టూ నల్లటి వేలిముద్రలు. ఆ ఇంట్లో చేతులు కడుక్కోమని అనే హక్కు ఆమె ఒక్కదానిదే. ఆమె ఆ గ్లాసు వంక చూసింది, తుడవకుండానే నా ముందుకి చాపింది. నేను అందుకుని తాగాను.