ఇబ్రహీం మామ మ్యాట్నీ దయ్యాలు

ఇబ్రహీం మామకు ప్రతి సినిమాలోనూ ఒక దయ్యం కనిపించేది. దయ్యాల సినిమాల సంగతి కాదు నేను చెప్పేది. వాటి మీద మామకు గౌరవమే లేదు, వాటిలో దయ్యాలన్నీ మనుషులేనని తీసిపారేసేవాడు. ఆయనకు కనిపించేవి పౌరాణికాల్లో, కుటుంబ కథల్లో ఉండేవి. పెళ్లి పందిట్లో అందరూ నవ్వుతూ అక్షింతలు వేస్తుంటే, వెనక స్తంభం పక్కన ఒకరు అక్షింతలు వేయకుండా నిలబడి ఉండేవారు. చూసినదాన్ని మామ తనలో దాచుకునే మనిషి కాదు. వారం వారం సమీక్ష రాసేవాడు.

మా నాన్న గురురాజ ఆదోనిలో ఒక చిన్న ప్రెస్సు నడిపేవాడు. పెళ్లి పత్రికలు, మండీల బిల్లు పుస్తకాలు, వాటి మధ్య శుక్రవారం శుక్రవారం ‘పత్తిపువ్వు’ అనే నాలుగు పేజీల పత్రిక. మొదటి పేజీలో పత్తి ధరలు, రెండో పేజీలో వేరుశెనగ ధరలు, మూడో పేజీలో కాలం చేసినవాళ్లు, నాలుగో పేజీలో మామ సమీక్ష. మూడో పేజీలో పడినవాళ్లే మరుసటి వారం నాలుగో పేజీలో తేలుతున్నారని ఊళ్లో చెప్పుకుని నవ్వేవారు. మామ నవ్వేవాడు కాదు. “అందరూ కాదు సామీ, కొందరే,” అని నాన్నకు సర్దిచెప్పేవాడు.

మామ ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యం చూసే పని చేశాడు. చిటికెడు దూది తీసి, రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి, వెలుగుకు ఎత్తి, అందులో నలుసు ఎక్కడుందో చెప్పడం ఆయన ఉద్యోగం. తెల్లటి దాంట్లో ఉండకూడనిది ఏముందని వెతికి వెతికి, ఉద్యోగం పోయాక ఆ కళ్లు తెల్లతెర మీదికి మళ్లాయని నా అనుమానం.

ఆయన చేతిరాత కంపోజిటర్ తిక్కయ్యకు అర్థమయ్యేది కాదు. “సామీ, ఇది రాతనా, తేలు మసిలో పడి నడిచినట్టుంది,” అని కాగితం విసిరికొట్టేవాడు. అనంతపురంలో ఎం.ఏ. తెలుగు ముగించుకుని ఇంటికి వచ్చిన నాకు ఆ విధంగా మొదటి పని దొరికింది. మామ చెప్తుంటే నేను మంచి అక్షరాలతో రాసి తిక్కయ్యకు ఇవ్వాలి. నాకు మనుషులతో మాట్లాడటం రాదు, రాయడం వచ్చు. మామకు రాయడం రాదు, మాట్లాడటం వచ్చు. జోడీ కుదిరింది.

నేను రాసిన మొదటి సమీక్ష ఒక పౌరాణికం గురించి. “రాయమ్మా భాగ్యమ్మా. సభలో రాజుకు నలుగురు ఆడోళ్లు ఇసురుతాండారు. ఎనక గోడ మీద నీడలు ఐదు.”

“లెక్క తప్పారేమో మామా.”

“మూడుసార్లు లెక్కబెట్టినా. ఐదో నీడ ఇసరడం ల్యా. ఊరికే నిలబడి మనల్ని సూస్తాండాది.”

రాశాను. మరుసటి ఆదివారం అమ్మను తీసుకుని మ్యాట్నీకి వెళ్లాను. సభ దృశ్యం వచ్చింది. రాజు గట్టిగా ఏదో శపథం చేస్తున్నాడు. నేను గోడ మీదే కళ్లు పెట్టి లెక్కపెట్టాను. ఐదు. అమ్మ, “ఏమే, చెయ్యి అంత చల్లగా ఉంది?” అంది. ఆ రాజు ఏం శపథం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

హాల్లో మామ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోవడానికి వీల్లేదు. వస్తూనే దాని మీద తువ్వాలు పరిచేవాడు. ఒకసారి ఒక పత్తి వ్యాపారి కొడుకు వచ్చి, “ఎవురికప్పా ఈ సీటు?” అని అడిగాడట. “టికెట్టు లేనోళ్లకు,” అన్నాడట మామ. ఆ అబ్బాయి బాల్కనీలోకి వెళ్లి కూర్చున్నాడు. ఇంటర్వెల్ తర్వాత ఆ తువ్వాలు మీద గుంత పడి ఉండేదని తిక్కయ్య ఒట్టు వేసేవాడు. తిక్కయ్య ఒట్లకు విలువ లేదు గానీ, ఆ వరసలో మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు.

ఆయన్ను చూసి నవ్వినవాళ్లే సమీక్ష చదివి మళ్లీ టికెట్టు కొనేవారు, ఈసారి దయ్యం కోసం. చచ్చిపోయిన సినిమా కూడా మామ రాస్తే వారం బతికేది. ఎమ్మిగనూరులో నేతపనివాళ్లు ఒక పత్రిక తెప్పించుకుని, చదువు వచ్చిన ఒకరి చుట్టూ చేరి, నాలుగో పేజీ మాత్రం చదివించుకునేవారు.

అది డెబ్బై తొమ్మిది. ఫిబ్రవరి నెల. మిల్లుల నుంచి లేచిన దూది గాలిలో తేలుతూ, మిట్టమధ్యాహ్నం మా వీధంతా తెల్లగా, సద్దు లేకుండా ఉండేది. తిక్కయ్య భోజనానికి పోయాడు. మామ బల్ల మీద కునుకు తీస్తున్నాడు. నేను ప్రూఫులు దిద్దుతూ తలెత్తితే గడప అవతల ఒకామె నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. అడుగుల చప్పుడు వినలేదు. జుట్టు మీద, భుజాల మీద దూది పేరుకుని ఉంది. ఒక్క క్షణం నాలుగో పేజీలోంచి వచ్చిందేమో అనుకున్నాను.

“దయ్యాల సంగతి రాసే అన్న ఈడేనామ్మా?”

మామ లేచి కూర్చున్నాడు. “నేనే. రామ్మా, కూకో.”

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు. “నాది ఎమ్మిగనూరన్నా. పేరు ఉచ్చీరమ్మ. మా ఇంటాయన సిద్దప్ప మగ్గం నేస్తాడు, నేను కండెలు సుడతా. బస్టాండు కాడ ఒక పోస్టరు అతికిచ్చినారు. పెద్దలకు మాత్రమే అని. ఆ సినిమాలో నేనుండా.”

నా కలం ఆగిపోయింది. ఆ సినిమా పేరు రాయడానికి ఈ రోజుకూ నా కలం ముందుకు పోదు. పన్నెండేళ్ల నాటి పాత డొక్కు సినిమా.

నాటకాల కంపెనీతో ఆమె మద్రాసు వెళ్లిందట. పురాణంలో అప్సరస వేషం అని చెప్పారట. ఒక్క పాట, మూడు నిమిషాలు, జలపాతం కింద తడిబట్టలతో. పాట అయ్యాక జ్వరంతో ఊరికి వచ్చేసింది. మరుసటి ఏడు పెళ్లి. ఇద్దరు పిల్లలు. మద్రాసు సంగతి తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

“ఈ వారం ఆదోనిలో, వచ్చే వారం మా ఊర్లో. పాత బొమ్మకు మావోళ్లు పోరన్నా. నువ్వు రాస్తే పోతారు. మగ్గాలు నిలిపి పోతారు. మా ఇంటాయన అందరికంటే ముందుంటాడు. ఆ తెర మీద నా ముఖం ఇంత లావున కనపడతాది. ఆయన సూస్తే నేనింక ఆ ఇంట్లో ఉండేకి కాదు. రాయొద్దన్నా. ఎవురూ సూడగూడదు.”

మామ చొక్కా చేతి మీద వాలిన దూదిని తీసి బొటనవేళ్ల మధ్య సాగదీశాడు. “రాయకుండా ఉండేకి కాదమ్మా,” అన్నాడు చివరికి. “ఇరవై ఏండ్లలో ఒక్క వారం మానలేదు.”

ఆమె గడప వైపు తిరిగింది. మామ తువ్వాలు భుజాన వేసుకుని, “పా, బస్సు కాడికి తోడొస్తా,” అన్నాడు. ఇద్దరూ దూదిలో కలిసిపోయారు.

మరునాడు మామ వచ్చి ఎప్పటిలాగే నా ఎదురుగా కూర్చున్నాడు. “రాయమ్మా.”

నా జీవితంలో పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం అదే మొదలు. “నేను రాయను మామా.”

“కోపమొచ్చినాదా?”

“ఆమె అంత చెప్పినా మీకు మీ దయ్యమే ముఖ్యం.”

మామ తల గోక్కున్నాడు. “పోనీలే. ఒక్క మాట సెప్పు. మీ కావ్యాల్లో ఆడమనిషిని యాడ్నుంచి వర్ణిస్తారు?”

పాఠం అడిగితే నాకు కోపం నిలవదు. “మనుషులనైతే తల నుంచి కిందికి. దేవతలనైతే పాదాల నుంచి పైకి.”

“పాదాల నుంచి,” అని గొణుక్కుంటూ లేచి, తిక్కయ్య పక్కన స్టూలు వేసుకుని, నోటితోనే చెప్పి అక్షరాలు పేర్పించాడు. శుక్రవారం అచ్చులో చూశాను.

“పెద్దలకు మాత్రమే అని వేసినారు. పెద్దలలో గుండె గట్టివారికి మాత్రమే అని మేము చేర్చుచున్నాము. నిర్మాత బీదవాడు. అడవి అంతటికీ ఒకే చెట్టు. నాయకుడు ఎక్కడికి పోయినా అది ముందే పోయి నిలబడి ఉండును. జలపాతమనగా నిచ్చెన మీద ఇద్దరు మనుషులు, నాలుగు బకెట్లు. ఇవి క్షమించవచ్చును. కానీ జలపాతం పాటలో ఆడినది ఎవరు? ఆడవలసిన మనిషి ఆ దినము జ్వరముతో పడి ఉన్నది. అయినా పాట ముగిసినది. పాఠకులు ఆమె పాదములను గమనించవలెను. అవి వెనక్కి తిరిగి ఉన్నవి. చూపు ఎత్తిన మరుక్షణము ముందుకు తిరుగును గనుక రెప్ప వేయరాదు. ముఖము చూసినవారికి మూడు దినములు జ్వరము. మాకు పూచీ లేదు.”

ఊరంతటినీ ఆ పాటకే తోలుతున్నాడు ఈ మనిషి. ఆ రోజు నుంచి నేను మామకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

హాలు నిండింది. మొదటి ఆటకు వెళ్లిన తిక్కయ్య తిరిగి వచ్చినప్పుడు ముఖం పాలిపోయి ఉంది.

“ఏం తిక్కయ్యా, సినిమా ఎట్లుంది?” అన్నాడు నాన్న.

“సినిమానా సామీ? ఆ పాట వచ్చినాది. మూడు వందల మందిలో ఒక్కడు దగ్గితే ఒట్టు. ఈలేసే నాయాండ్లు నోట్లో ఏళ్లు పెట్టుకోని అట్లే నిలిచిపోయినారు. మిషను తిరిగే సప్పుడు తప్ప ఏం ల్యా. అందరూ ముందుకు ఒంగినారు. నేల టికెట్టోళ్లు నేలకు చెంప ఆనిచ్చి సూసినారు.”

“కనపడినాయా?”

“ఎనక్కే ఉండాయి సామీ. మా తల్లి మీద ఒట్టు.”

నేను ఉండబట్టలేక అడిగాను. “ఆమె ముఖం?”

“ముఖమా? పెండ్లాం పిల్లలు గలోన్ని, ముఖమెవురు సూస్తారమ్మా.” తిక్కయ్య భుజాలు తడుముకున్నాడు. “మెడ పట్టేసింది ఒంగి ఒంగి.”

ఆ మాటతో నాకు ఏదో తట్టింది గానీ పూర్తిగా నమ్మలేకపోయాను. ఆదోని గడిచింది. ఎమ్మిగనూరు మిగిలే ఉంది. ఆ ఊళ్లో సిద్దప్ప ఉన్నాడు. మూడు నిమిషాల్లో ఒక్కసారి ఆ మనిషి తల ఎత్తితే చాలు. ఆ వారమంతా గడప దగ్గర నీడ పడినప్పుడల్లా నేను ప్రూఫులు వదిలి లేచేదాన్ని. మామ మాత్రం ఎమ్మిగనూరు బస్సు వచ్చే వేళకు వీధి చివరిదాకా నడిచి, ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చేవాడు.

సోమవారం మధ్యాహ్నం ఉచ్చీరమ్మ వచ్చింది. ఈసారి అడుగుల చప్పుడు వినిపించింది. నవ్వు ఆపుకోలేక గడప దగ్గరే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రెండుసార్లు సూసినాడన్నా మా ఇంటాయన. ఇంటికొచ్చి వాకిట్లో నిమ్మకాయ కట్టినాడు. నాకూ పిల్లోళ్లకూ తాయెత్తులు తెచ్చినాడు. ‘ఉచ్చీరీ, నువ్వు దాన్ని సూసింటే ఆడే సచ్చిందువు’ అంటాడు.”

“గుర్తుపట్టలేదా?” అన్నాను.

“తలెత్తితే గదమ్మా. కండ్లల్లో నీళ్లు కారేదాకా కాళ్లే సూసినాడంట. పదకొండేండ్ల కాపురం, నా కాళ్లని గూడా గుర్తుపట్టలే. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూకునే మనిషికి ఎవురి కాళ్లైతే ఏమిలే.” కొంచెం ఆగింది. “దానికి మాత్రం నాకు కోపమొచ్చినాదన్నా. పగలంతా ఆయనతో మాట్లాడలే.”

మామ పైకప్పు వైపు చూస్తున్నాడు. అన్నాళ్లూ ఇవ్వని మంచినీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను. “మామా, ఆ ఒకే చెట్టూ, బకెట్లూ ఎంత బాగా చూశారు.”

“నేనేడ సూసినా? బస్సు కోసరం కూకున్నప్పుడు ఈ యమ్మే సెప్పింది.”

“మరి సినిమాకు వెళ్లారు కదా?”

“గేటు దాంకా పోయినా. టీ తాగి ఎనక్కొచ్చినా.” ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “రాయకుంటే, ఇబ్రహీం దీన్ని ఏంటికి వదిలిపెట్టినాడని ఊరంతా పోయి సూస్తారు. అందుకని రాసినా. ఎవురూ సూడగూడదని ఈ యమ్మ సెప్పింది గదా. ఆ ఎవురిలో నేను గూడా ఉండాను.”

ఉచ్చీరమ్మ నవ్వు ఆగిపోయింది. చెంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

మామకు ఆ నవ్వు పట్టలేదు. ఆయన మనసు ఇంకెక్కడో ఉంది. “అమ్మా, మీ ఆయనకు నిజంగానే కాళ్లు ఎనక్కి కనపడినాయంటనా?”

“ఆయనకేంది, ఎమ్మిగనూరంతా అదే సెప్తాండారు.”

అప్పుడే భోజనం నుంచి తిరిగొచ్చిన తిక్కయ్య వైపు తిరిగాడు మామ. “తిక్కయ్యా, నీగ్గూడా?”

“మా తల్లి మీద ఒట్టేసినా గదప్పా.”

మామ గ్లాసు కింద పెట్టాడు. “ఇరవై ఏండ్లుగా సూసిందే రాసినా, ఎవురూ నమ్మలే. ఇదొక్కటి ఊరికే రాస్తే అందరికీ కనపడినాదా.” గొంతు తగ్గించాడు. “నేను ఊరికే రాసినానే.”

ఉచ్చీరమ్మ సెలవు తీసుకుని బయటికి నడిచింది. మెట్ల మీద దుమ్మూ దూదీ కలిసి పొరలా పరుచుకుని ఉన్నాయి. చెప్పులు చేతిలో పట్టుకుని, వట్టి కాళ్లతో వాటి మీదుగా దిగి, బస్టాండు వైపు తిరిగింది. ఆమె మలుపు దాటేదాకా మామ కదలలేదు. తర్వాత నా వంక ఒకసారి చూసి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా గడప దగ్గర వంగాడు. మిల్లులో దూది పరీక్షించినంత శ్రద్ధగా ఒక్కొక్క మెట్టు మీద పడిన ఆమె అడుగుల గుర్తులను చూశాడు.

“ఎట్లున్నాయి మామా?” అన్నాను.

“ముందుకే ఉండాయమ్మా,” అన్నాడు, గట్టిగా ఊపిరి వదిలి. “అల్లా దయ వల్ల, రెండూ ముందుకే ఉండాయి.”