ఆదివారం మాత్రం బూట్లు వేసుకునేది కాదు

నిన్న బుధవారం మధ్యాహ్నం నాకు డిగ్రీ పట్టా ఇచ్చారు. నర్సింగ్‌లో. మా ఇంట్లో అటు నాన్న వైపూ ఇటు అమ్మ వైపూ కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. అందుకే ఎంతమందికి చెప్పినా తనివి తీరడం లేదు. పొద్దున లైట్ రైల్లో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆయనకు కూడా చెప్పేశాను. ఆయన పాపం ఇయర్‌ఫోన్లు తీసి, "గుడ్ ఆన్ యూ" అని మళ్ళీ పెట్టేసుకున్నాడు.

అయితే నిన్న నావాళ్ళు కూర్చునే వరసలో కూర్చున్న మనిషి గురించి చెప్పకపోతే ఈ కబురు పూర్తి కాదు. ఆవిడను నేను దాదాపు ఏడాదిపాటు అనుమానించాను. అనుమానించి ఊరుకున్నా బాగుండేది, రాసి పెట్టాను.

చదువుకుంటూనే నేను ఇక్కడ ఆస్ట్రేలియాలో, గంగాలిన్ అనే పేటలో, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పనిచేసేదాన్ని. స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, ఇంత వండిపెట్టడం. ఈ పెద్దావిడ ఇంగ్లాండు మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు, చిన్న ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. మొదటి రోజే, "నేను నటిని, డార్లింగ్. ముప్పై ఏళ్ళు స్టేజీ మీద, మధ్యలో కొన్ని సినిమాలు" అంది.

నేను గోడల వంక చూశాను. ఒక్క ఫోటో లేదు. కప్పు లేదు, శాలువా లేదు, పేపర్లో పడిన ముక్క లేదు. ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"నమ్మొద్దు పాపా," అంది అమ్మ. "మన ఈదిలో ద్వారపాలకుని ఏషం ఒగసారి ఏసినాయప్ప ఇంట్లోనే కిరీటం పెట్టుకున్న ఫోటో ఉండాది. ముప్పై ఏండ్లు ఆడినామెకు ఒగటీ ల్యాదా?"

నాకూ అదే అనిపించింది. పైగా అడిగినవాటికి ఆవిడ సూటిగా జవాబు చెప్పదు. ఏ సినిమా అంటే, "నువ్వు చూసినా నన్ను పోల్చుకోలేవు" అంటుంది. ఏ వేషం అంటే, "అన్నీ" అంటుంది. వంటింటి పై అరలో ఒక బిస్కెట్ డబ్బా ఉండేది. నేను తుడవడానికి చెయ్యి పెడితే చాలు, "అది వద్దు" అని కుర్చీలోంచి లేచేది. నా మీద ఆవిడకూ అనుమానమే. నేను వెళ్ళేటప్పుడు ఆ డబ్బా వైపు ఓసారి చూసి గానీ తలుపు వేసేది కాదు.

అన్నిటికంటే వింత సాయంత్రాలది. ఏడు గంటలకు ఐదు నిమిషాలుందనగా టీవీ కట్టేసేది. ఇంటి చెప్పులు వదిలి బూట్లు వేసుకునేది, లిప్‌స్టిక్ రాసుకునేది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్క కుర్చీలో కూర్చునేది.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"లేదు, డార్లింగ్. పిలిస్తేనే."

"ఎవరు పిలిస్తే?"

"వాళ్ళే."

అరగంట దాటాక బూట్లు విప్పి, ఏమీ జరగనట్టు సూప్ అడిగేది.

మా కోఆర్డినేటర్ ఆంటీ ఫిజీ నుంచి వచ్చి స్థిరపడింది. తాతల నాటి తెలుగు నాలుగు ముక్కలు మిగిలాయి, అవి నా దగ్గరే ఖర్చుపెట్టేది. విషయం చెప్పగానే, "ఎవ్రీథింగ్ నోట్స్‌లో రాయాల, బేటీ. సాయంత్రమైతే మతి తప్పేది చాలామందికి ఉంటది" అంది. నేను రాశాను. 'తాను నటినని చెబుతారు, ఆధారాలు లేవు. ఎవరో పిలుస్తారని రోజూ తయారై కూర్చుంటారు.' నర్సింగ్ చదువుతున్నదాన్ని కదా, బాగా రాశానని కాస్త గర్వపడ్డాను కూడా.

మూడు వారాలకు ఆంటీ ఫోన్ చేసింది. "నీ నోట్ పైకి పోయింది. వచ్చే వెడ్నెస్‌డే ఎవరో అసెస్‌మెంట్‌కు వస్తారు. సేఫ్ కాదంటే మెమరీ యూనిట్‌కు మారుస్తారు."

మతి తప్పిన ముసలివాళ్ళను ఉంచే ఆ యూనిట్‌లో నేను ప్రాక్టికల్స్ చేశాను. తలుపులకు నంబర్ల తాళాలుంటాయి. బయటికి వెళ్ళే బూట్లు లోపలివాళ్ళ దగ్గర ఉంచరు. నా రెండు వాక్యాలకు ఒక మనిషి ఇల్లు పోయేలా ఉంది. ఆవిడ అబద్ధాలకోరైనా, ఆ శిక్ష వేయడానికి నేనెవరు?

అసెస్‌మెంట్ కోసం పాత నోట్సు వరసలో పెట్టమన్నారు. ఆవిడ వంటింటి బల్ల మీద ఫైలు పరిచి, వంతులవారీగా వచ్చే మా అందరి రాతలూ తేదీల ప్రకారం చదివాను. సోమవారం, బూట్లు. మంగళవారం, బూట్లు. బుధ, శనివారాల్లో మధ్యాహ్నం రెండుకు ఐదు నిమిషాల ముందు ఒకసారి, సాయంత్రం మరోసారి. ఆదివారం ఏమీ లేదు. ముందు వారమూ అంతే. ఆ ముందు నెలా అంతే. మతి తప్పిన మనిషికి ఆదివారం ఎలా తెలుస్తుంది?

నేరుగా వెళ్ళి అడిగాను. "ఆదివారం ఎందుకు కూర్చోరు?"

ఆవిడ నా వంక వింతగా చూసింది. "ఆదివారం ఆట ఉండదు కదా."

తర్వాత తనే లేచి బిస్కెట్ డబ్బా దించింది.

ఆవిడ ముప్పై ఏళ్ళు చేసింది బదులు నటి పని. అసలు హీరోయిన్‌కు జ్వరమొచ్చినా, కాలు బెణికినా ఆ రోజు ఆ వేషం కట్టాలి. అందుకని నాటకంలో ఆడవాళ్ళ మాటలన్నీ నోటికి రావాలి. ఏడున్నర ఆటకు ఏడుకు ఐదు నిమిషాల ముందే అందరూ థియేటర్లో ఉండాలట, ఆ వేళను 'హాఫ్' అంటారట. అప్పటికి హీరోయిన్ రాకపోతే ఈవిడకు పిలుపు. బుధ, శనివారాల్లో మధ్యాహ్నం రెండున్నరకు కూడా ఆట. ఊరూరూ తిరిగి, లండన్‌లో ఆడి, ఒక కంపెనీతో ఆస్ట్రేలియా వచ్చి, సెట్లు కొట్టే వడ్రంగిని పెళ్ళాడి ఇక్కడే ఆగిపోయింది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ పిలవని పని గురించి ఏం చెప్పుకుంటాం, డార్లింగ్?"

డబ్బాలో సన్నటి అచ్చు చీటీలు. 'ఈ ఆటలో ఫలానా పాత్రను ఫలానావారు ధరిస్తారు.' మొత్తం పదకొండు. ప్రేక్షకులకిచ్చే పుస్తకంలో అప్పటికప్పుడు పెట్టే కాగితాలు. అంటే ముప్పై ఏళ్ళలో పదకొండు పిలుపులు.

నా మనసు కరగాలి కదా? కరగలేదు. చీటీల మీది పేరు మందుల పెట్టె మీది పేరు కాదు. స్టేజీకి వేరే పేరు ఉండేదంది. వేరేవాళ్ళ చీటీలు కూడా అయ్యుండొచ్చు కదా అనుకున్నాను, పైకి అనలేదు. ఆవిడ నా మొహం చదివేసింది.

"నమ్మడం లేదు నువ్వు," అని డబ్బా అడుగు నుంచి ఒక డిస్క్ తీసి పెట్టింది.

పాత సినిమా. హీరోయిన్ నది ఒడ్డున ఏడుస్తోంది, ఆ మొహం ఈవిడది కాదు. హీరోయిన్ వెనక్కి తిరిగి చన్నీళ్ళలోకి దిగింది.

"ఆవిడకు చలి పడదు. నన్ను దింపారు. మేకప్ వాళ్ళు వీపంతా పూసి పంపారు. నీళ్ళు తగలగానే కరిగిపోయింది, ఎవరూ గమనించలేదు. చూడు."

చూశాను. కుడి భుజం కింద చింతగింజంత పుట్టుమచ్చ. దాని పక్కనే ఆవగింజంత ఇంకోటి. వారానికి రెండుసార్లు నేను సబ్బు రుద్దే వీపు అది.

బుధవారం ఒంటిగంటన్నరకు అసెస్‌మెంట్ ఆవిడ వచ్చింది. ఈరోజు ఏ వారం, ప్రధాని ఎవరు లాంటి ప్రశ్నలన్నీ అయ్యాయి. సరిగ్గా రెండుకు ఐదు నిమిషాలుందనగా మా పెద్దావిడ లేచి బూట్లు వేసుకుంది. వచ్చినావిడ పెన్ను కాగితం మీదికి వంగింది.

"ఎవరైనా పిలుస్తారనుకుంటున్నారా?"

"లేదు. ఆ థియేటరే కూల్చేశారు," అంది పెద్దావిడ లిప్‌స్టిక్ మూత తీస్తూ. "ఈ వేళకు చెప్పుల్లో ఉండడం నాకు సిగ్గు."

నేను ఫైలు ముందు పెట్టి ఆదివారాలన్నీ చూపించాను. పైకి పోయిన నోటు రాసింది నేనేననీ, తెలియక రాశాననీ చెప్పాను. వచ్చినావిడ అవన్నీ చదివి, "మా నాన్న ఆవులు అమ్మేశాక కూడా తెల్లవారుజామున నాలుగింటికే లేచేవాడు" అంది.

ఇంట్లోనే ఉండొచ్చని ఉత్తరం వచ్చిన వారంలోనే నేను పాసయ్యానని మెయిల్ వచ్చింది. పట్టాలిచ్చేది బుధవారం రెండింటికి. నేను రమ్మని అడగకముందే పెద్దావిడ, "అయితే రెండుకు ఐదు నిమిషాల ముందే అక్కడుండాలి" అంది.

నిన్న ఆ వేళకు ముందే ఉన్నాం. నా గౌను హుడ్ వంకరగా ఉందని నన్ను నిలబెట్టి సర్దింది. అప్పుడే ఎవరో ఫోటో తీశారు. తర్వాత నా వరసను పిలిచారు. ఆవిడ నా వీపు మీద చరిచి, "పిలుస్తున్నారు, డార్లింగ్. పో" అంది.

ఫోటో అమ్మకు పంపితే పావుగంటలో ఫోన్.

"గౌన్లో భలే ఉండావు పాపా. ఆ ముసలామె ఎవురు? మొగం కనపడ్లేదే, అంతా వీపే!"

"ఆమేనమ్మా, ఆ యాక్టరు."

"మొగం ల్యాకుండా యాక్టరేంది?" అమ్మ ఇంకా నమ్మలేదు.

"వీపు సాలుమ్మా," అన్నాను. "పెద్దది చేయించి పంపిస్తా, గోడకు పెట్టు."